పసుపు బొట్టు పెట్టిన పిట్టలు

పోయినవి ముందు రాస్తాను. రెండు డిసెంబర్లు, నా భార్య లెక్కలో మూడు. దాచుకున్న ఇరవై నాలుగు రోజుల సెలవు. పదిహేడేళ్ల నౌకరీ. నాలుగు రోజుల తేడాతో తప్పిపోయిన సైబీరియా కొంగ. ఆమె ఎడమ కన్ను. ఆ తర్వాత కుడి కన్ను.

ఈ వరుసలో కళ్లు మొదట రావాలని తెలుసు. కానీ ఏది ముందు పోయిందో అది ముందు రాయడం నాకు అలవాటు. కళ్లు ఎట్లాగూ పోయేవే, వాటిని ఆపడం నా చేతిలో లేదు. డిసెంబర్లు మాత్రం నా చేతిలోనే ఉండేవి.

నేను ఆర్మూర్‌లో పసుపు కొనిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. చదివింది ఏడో తరగతి. తూకం, తరుగు, హమాలీ కూలి, వడ్డీ, ఇవన్నీ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను. కమ్మర్‌పల్లి రైతులు వేరే దుకాణంలో పసుపు అమ్మి, లెక్క రాసిచ్చిన పట్టీ నాకు చూపించి సరిపోయిందో లేదో అడిగి వెళ్లేవారు. దాంతో నా లెక్క తప్పదని నాకొక నమ్మకం ఏర్పడింది. జరిగినదంతా ఆ నమ్మకం వల్లే జరిగింది.

నా భార్య మా మేనమామ కూతురు, కమ్మర్‌పల్లి పక్క ఊరు. ఎనిమిదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా మక్కచేను కంకి మీద ఉన్నప్పుడల్లా మంచె మీద కూర్చున్నది ఆమే. చేతిలో వడిసెల, ఒడిలో రాళ్లు. చిలుకలకైతే రాయి పడాలి, గోరింకలకు కేక చాలు, పాలపిట్ట పురుగుల్ని తింటుంది కాబట్టి దాని జోలికి పోవద్దు. చేనుకు అవతలి గట్టు మీద వాలిన పిట్ట ఏదో తోక ఊపే తీరును బట్టి చెప్పేది. పొద్దు గూకిందంటే మాత్రం ఆమెకు ఏమీ కనిపించేది కాదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మంచె దించాలి. రేచీకటి అన్నారు, కార్జం వండి పెట్టారు, ఆకుకూరలు తినిపించారు. దానికి మించి ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

ఎనభై ఆరులో పట్టపగలే పక్కనున్న బిందెలు తన్నుకోవడం మొదలైంది. హైదరాబాదు తీసుకెళ్లాను. కంటి డాక్టరు మెత్తటి మనిషి. గంటసేపు చూసి, నన్ను పిడికిలి గొట్టంలా చుట్టి కంటి దగ్గర పెట్టుకోమన్నాడు.

"ఏం కనిపిస్తోంది?"

"మీ మొకం కనవడ్తుంది సార్. బల్ల కనవడ్తలేదు."

"ఆవిడకి ఇప్పుడు దాదాపు అట్లానే కనిపిస్తోంది. చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుంది. దీనికి మందు లేదు."

ఎన్నాళ్లని అడిగాను. ఆయన కాగితాల వైపు చూస్తూ, "ఐదారేళ్లు అనుకోండి" అన్నాడు.

బయటికొచ్చి కోఠి ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే పాత పుస్తకాల కుప్ప దగ్గర ఆమె ఆగింది. దేశంలోని పక్షుల గురించి ఇంగ్లీషులో ఉన్న బొమ్మల పుస్తకం ఒకటి అక్కడ ఉంది. అట్ట లేదు. కొన్నాను. తిరుగు బస్సులో కామారెడ్డి దాకా ఆమె పేజీలు తిప్పుతూ పోయింది. కామారెడ్డి దాటాక అన్నది:

"బావా, గిన్ని పిట్టలున్నయా? నేను మక్కచేన్లకొచ్చే దొంగపిట్టలనే చూసిన."

"చూపిస్త."

"ఎన్ని?"

"నువ్వు ఎన్నంటే అన్ని."

ఇంటికొచ్చిన మర్నాడు ఆమె పుస్తకం ముందేసుకుని, గిన్నెలో తడి పసుపు పెట్టుకుని కూర్చుంది. చూడాలనుకున్న ప్రతి పిట్ట నెత్తిన పసుపు బొట్టు పెట్టింది. చూసిన రోజు దాని మీద కుంకుమ పెడతానన్నది. పేజీలు ఆరాక నేను లెక్కపెట్టాను. యాభై ఎనిమిది.

ఆ చలికాలమంతా ప్లాను వేయడానికే సరిపోయింది. ఆమె లెక్కలోని మూడో డిసెంబర్ అదే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పిట్ట గురించి చదివాను. ఏది ఏ రాష్ట్రంలో దిగుతుంది, ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో పోతుంది. పాత పద్దు పుస్తకం వెనక పేజీల్లో గళ్లు గీసి నింపాను. ఏడు చోట్లు తిరిగితే యాభై ఎనిమిదీ వస్తాయని తేలింది. దగ్గరిది నెల్లూరు దిక్కున పులికాట్. తర్వాత ఒరిస్సాలో చిలికా, రాజస్థాన్‌లో భరత్‌పూర్, గుజరాత్‌లో కచ్, ఇంకా మూడు. దూరదేశాల పిట్టలన్నీ కార్తీకంలో వచ్చి ఫాల్గుణం నాటికి వెళ్లిపోతాయి. మా పసుపు మాఘంలో మార్కెట్ యార్డుకు రావడం మొదలవుతుంది. అంటే నాకు మిగిలేది డిసెంబర్ ఒక్కటే. మా దుకాణం సేటు ఏడాదికి పన్నెండు రోజుల సెలవు ఇచ్చేవాడు. ఏడాదికొక చోటు అనుకుంటే, ఏడు చోట్లకు ఏడేళ్లు.

డాక్టరు చెప్పింది ఐదారేళ్లు. నేను ఏడేళ్లకు వేశాను. ఎందుకు వేశానో రాయాలి.

యార్డులో పుట్టిన అంకె ఏదీ అసలు అంకె కాదు. కొనేవాడు తక్కువ చెబుతాడు, అమ్మేవాడు ఎక్కువ చెబుతాడు. అవతలివాడు ఏ వైపు నిలబడ్డాడో చూసి మనం కలుపుకోవాలి లేదా తీసేయాలి. పదమూడేళ్లు అట్లా కలుపుతూ తీస్తూ బతికిన బుర్ర నాది. డాక్టరు ఏ వైపు మనిషి అని ఆలోచించాను. రేపు తన మాట తప్పైతే నిందపడేవాడు కాబట్టి జాగ్రత్తకు తగ్గించి చెప్పి ఉంటాడు అనుకున్నాను. కొనేవాడి వైపు నిలబెట్టాను. ఆరును ఏడు చేశాను, మనసులో ఎనిమిది చేసుకున్నాను. ఈ సంగతి ఆమెతో అనలేదు.

ఎనభై ఏడు డిసెంబర్‌లో పులికాట్ పోయాం. యార్డులో పనిచేసిన ఒక మాజీ సిపాయి దగ్గర పాత దుర్బీను తీసుకున్నాను. హమాలీలు దాన్ని నా మెడలో చూసి ఊరుకుంటారా?

"అగో, పిట్టల దొర బయలెల్లిండు! సారూ, తుపాకేది?"

"గా దుర్బీన్ల నుంచి మా కూలి జర పెద్దగ కనవడ్తదేమో చూడు సారూ!"

కట్టె తుపాకీ పట్టి కోతలు కోసే ఆ వేషగాడితో పోల్చినా నవ్వుకుంటూనే వెళ్లాను. అక్కడ నాలుగు రోజులున్నాం. తెల్లవారగానే గట్టు మీదికి పోయేవాళ్లం. కనిపించేది పిడికిలి గొట్టమంతే అయినా నాకంటే ముందు ఆమే చూసేది. తల అటూ ఇటూ తిప్పుతూ, చేను మీద మంద కోసం వెతికినట్టు నీళ్ల మీద వెతికేది.

"బావా, గా దిక్కు! నీళ్లల్ల తెల్లగ కల్లం లెక్క... మెల్లగ నడుస్తుంది కల్లం!"

రాజహంసలు. అంతా కలిసి ఒక పక్కకు జరిగినప్పుడు నిజంగానే కల్లం కదిలినట్టుంది. గూడబాతులు చూసింది, ఎర్రకాళ్ల కొంగలు చూసింది. రోజూ మధ్యాహ్నం సత్రంలో కూర్చుని కుంకుమ పెట్టేది. తొమ్మిది బొట్లు ఎర్రబడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు, "మల్లెప్పుడు?" అని అడిగింది. "వచ్చే డిసెంబర్" అన్నాను. ఆ రోజు నిజమే చెప్పాను.

ఎనభై ఎనిమిది దీపావళి తర్వాత భరత్‌పూర్ ప్లాను తీసి టైం టేబులు ముందు పెట్టుకున్నాను. ఆర్మూర్‌కు రైలు లేదు. బస్సులో నిజామాబాద్, అక్కడి నుంచి చిన్న లైను మీద మన్మాడ్, మన్మాడ్‌లో పెద్ద బండి. పోనూ రానూ ఐదు రోజులు. కచ్‌కు విడిగా పోతే ఆరు. రెండూ కలిపి ఒకే చుట్టు తిరిగితే ఎనిమిదే. మూడు రోజులు మిగులు! అయితే అక్కడ ఉండి చూసే రోజులు కలిపితే పన్నెండు చాలవు. ఈ ఏడు సెలవు దాచుకుని వచ్చే ఏడుది కలిపితే ఇరవై నాలుగు.

పసుపు రైతు పని కూడా అదే. ధర బాగాలేకుంటే ఉడికించి, ఎండబెట్టి, ఇంట్లో నింపి పెడతాడు. బాగా ఎండిన కొమ్ము రెండేళ్లున్నా చెడదు. ఆగినవాడే బాగుపడతాడని మా దిక్కున చిన్నప్పటి నుంచి వింటాం. నేను ఆగమన్నాను.

"వచ్చే ఏడు రెండు చోట్లు ఒక్కసారే చూడొచ్చు. మూడు రోజులు మిగులుతయ్."

ఆమె నా గళ్ల కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసిందని ఇప్పుడు గుర్తొస్తోంది.

"మిగిలిన మూడు రోజులు ఏం జేస్తవ్ బావా?"

"ఇంకో చోటుకు పనికొస్తయ్."

"సరే నీ ఇష్టం. లెక్కలు నీకే ఎరుక."

ఎనభై తొమ్మిది నవంబర్‌లో సేటు కొత్త గోదాం కట్టిస్తున్నాడు. నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన కూర్చోబెట్టాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం.

"ఈ ఒక్క డిసెంబర్ ఆగవయ్యా. సిమెంటు లెక్క, ఇసుక లెక్క ఎవలు చూస్తరు? వచ్చే ఏడు నీకు ముప్పై ఆరు రోజులైతయ్ గదా, నేను నలభై ఇస్త. పో, దేశమంత తిరుగు."

నలభై రోజులు. అంటే భరత్‌పూర్, కచ్, చిలికా, మూడూ ఒకే చుట్టులో. గోడ వైపు చూస్తూ నాలుగు నిమిషాల్లో వేసేశాను. అదనంగా వచ్చే నాలుగు రోజులు కళ్లముందు మెరిశాయి. ఆమెను అడగకుండానే సరేనన్నాను. ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. పుస్తకం గూట్లోంచి తీసి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. ప్రయాణానికి జాగ్రత్త చేస్తోందనుకున్నాను.

తొంభై మార్చి మొదటి వారం. యార్డు నిండా పసుపు కుప్పలు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. నా చెప్పుల చప్పుడు విని, "బావా, మొగులైందా?" అన్నది.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నా నీడ నా కాళ్ల కిందే ఉంది.

కరెంటు తీగ మీద ఏదో పిట్ట ఉంటే, అదేమిటని అడిగాను. ఆమె తల తిప్పింది, ఇంకా తిప్పింది, పిట్టను దాటి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. దొరకలేదు. చేను అవతలి గట్టు మీది పిట్ట తోకను పట్టేసిన మనిషి! "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను. దసరా నుంచి అన్నది. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే నీ లెక్క మల్ల మొదటికెల్లి రాస్కుంటవని" అన్నది.

మర్నాడే హైదరాబాదు బస్సెక్కాం. అదే డాక్టరు. చూసి, ఇక కొన్ని నెలలు, ఈ వెలుతురు వచ్చే చలికాలం దాకా నిలవకపోవచ్చు అన్నాడు.

"ఐదారేళ్లన్నరు గద సార్! నాలుగు కూడ కాలే. మీరు జర తక్కువ చేసి చెప్పిండ్రనుకున్న."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తక్కువ కాదండీ. నేను ఎక్కువే చెప్పాను. ఒక్కసారే చెబితే తట్టుకోలేరని."

నేను ఆయన్ని కొనేవాడి వైపు నిలబెట్టాను. ఆయన అమ్మేవాడి వైపు కూడా కాదు. మా మీద జాలిపడి పెంచాడు. జాలితో పెంచిన అంకెను నేను యార్డులో ఎన్నడూ చూడలేదు. దాన్నెట్లా పోల్చుకోవాలో నాకు తెలియలేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్క కూర్చుని బయటికే చూస్తూ అన్నది. మెల్లగా అన్నది గాని ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు.

"పసుపు ఆపినట్టు నన్ను ఆపినవ్ బావా."

ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో గుర్తులేదు. పొద్దున్నే గళ్ల కాగితాలు తీశాను. ఏది ఎప్పుడు వెళ్లిపోతుందో చూశాను. కచ్ అయిపోయింది. చిలికా ఖాళీ అయ్యే సమయం. భరత్‌పూర్‌లో సైబీరియా కొంగలు మార్చి మొదట్లో లేస్తాయని పుస్తకంలో ఉంది, మధ్యదాకా కొన్ని ఉన్న ఏళ్లూ ఉన్నాయని ఉంది. ఆ పుస్తకంలో ఆమె అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది దానికే. ఒళ్లంతా తెలుపు, ముఖం మాత్రం గాయంలా ఎరుపు. ఎగిరితే రెక్కల చివర నలుపు. అదొక్కటైనా చూపించాలి. ఇంకేదీ వద్దు.

సేటు దగ్గరికి పోయాను. ఆయన కుప్పల మధ్య నిలబడి ఉన్నాడు.

"పిస్సగిట్ల లేసిందా నీకు? యార్డు మొత్తం పసుపు వడ్డది. గిప్పుడు పిట్టల కాడికి పోతనంటవా?"

"నా రోజులు ఇరవై నాలుగున్నయ్ సేటు. అందుల పదే అడుగుతున్న."

"డిసెంబర్‌ల నలభై తీస్కో అన్న గదా!"

"డిసెంబర్‌కు ఆమెకు కనవడదు సేటు."

ఆయన మంచివాడే. కానీ తూకం దగ్గర రైతులు ఎదురుచూస్తున్నారు. "పోతే పో. తాళాలు ఆడ పెట్టి పో" అన్నాడు. తాళాలు పెట్టాను. చేతికి ఉన్న పసుపు కూడా కడుక్కోలేదు.

ఆ ప్రయాణంలో నేను గడియారం చూడని గంట లేదు. మన్మాడ్‌లో పెద్ద బండి ఆరు గంటలు ఆలస్యం. ఆమె ట్రంకు పెట్టె మీద కూర్చుని, ఒళ్లో గుడ్డ మూట, అందులో పుస్తకం. నేను ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. సిగ్నల్ పడినప్పుడల్లా పరుగెత్తుకొచ్చాను. "కూసో బావా, నువ్ నడిస్తే బండి రాదు" అన్నది. మూడో రోజు ఉదయం భరత్‌పూర్‌లో దిగి స్టేషన్ నుంచే రిక్షా మాట్లాడాను. అక్కడి రిక్షావాళ్లకు ప్రతి పిట్ట పేరూ తెలుసు. నాకు వచ్చిన ఆర్మూర్ ఉర్దూలో అడిగాను, తెల్లటి పెద్ద కొంగలు ఎక్కడుంటాయని.

అతను తొక్కడం ఆపి వెనక్కి తిరిగాడు. "చార్ దిన్ హోగయే సాబ్. చలే గయే."

కొంగలు వెళ్లిపోయాయట. ఆమెకు ఉర్దూ అర్థమవుతుంది. అయినా నన్ను అడిగింది.

"ఎన్ని రోజులైందంటుండు?"

"నాలుగు."

ఆమె నా ముఖం వైపు తిరిగింది. చూసిందో లేదో తెలియదు. రిక్షా మళ్లీ కదిలింది. నాకు కిందికి దూకి ఎటైనా పరుగెత్తాలనిపించింది. ఎటు పరుగెత్తితే నాలుగు రోజులు వెనక్కి వస్తాయి?

నీళ్లు ఇంకిపోతున్న మడుగుల గట్టు మీద దింపాడు. దుర్బీను ఆమె చేతికిచ్చాను. కంటికి పెట్టుకుని తీసేసింది. మళ్లీ పెట్టుకుంది. "నీళ్లే కనవడ్తున్నయ్, ఒక్క చుక్క నీళ్లు" అన్నది. ఉన్న గొట్టానికి దుర్బీను ఇంకో గొట్టమైంది. విసుగుతో కిందికి దించి, తడుముకుంటూ మళ్లీ ఎత్తినప్పుడు అది తలకిందులైంది. పెద్ద అద్దాలు కంటి వైపు వచ్చాయి. సరిచేద్దామని చెయ్యి పెట్టబోతే తోసేసింది.

"ఆగు! ఆగు బావా!"

అట్లాగే నిలబడిపోయింది. దుర్బీనును తిప్పి పెడితే దూరం ఇంకా దూరమవుతుంది, ప్రతిదీ చిన్నదవుతుంది. కానీ మడుగు మొత్తం, చెట్లు, ఆకాశం, అన్నీ ఆమె గొట్టంలో పట్టాయి.

"మొత్తం కనవడ్తుంది. నువ్వులు చల్లినట్టున్నయ్ పిట్టలు. అగో, రెండు నువ్వు గింజలు నడుస్తున్నయ్, పొడుగు కాళ్లు..."

రిక్షా అతను చూసి, అవి సారస కొంగల జంట అన్నాడు. మధ్యాహ్నం దాకా ఆమె దుర్బీను దించలేదు. అంత చిన్నగా ఏం కనిపించిందో నేను సరిచూడలేను. ఆమె ఇది ఫలానా పిట్ట అన్నప్పుడల్లా రిక్షా అతను అవునన్నాడు. సాయంత్రం పుస్తకం విప్పి, నా వేలితో చోటు చూపించమని, ఐదింటికి కుంకుమ పెట్టింది. సైబీరియా కొంగ పేజీ రాగానే చేత్తో తడిమి, తిప్పేసింది.

ఆ ఏడు చలికాలం రాకముందే ఎడమ కన్ను పోయింది. మరుసటి ఏడు కుడి కంటికి వెలుగూ చీకటీ తేడా తప్ప ఏమీ మిగల్లేదు. సేటు నా స్థానంలో వేరే మనిషిని పెట్టుకున్నాడు. నేను చిన్న చిన్న దుకాణాలకు పద్దులు రాస్తూ బతికాను.

రెండు మూడేళ్ల తర్వాత ముప్కాల్ రైతు ఒకాయన పట్టీ చూపించడానికి ఇంటికొచ్చాడు. మాటల్లో, శనగ చేను నాశనమైందన్నాడు.

"పోచంపాడు డ్యాం వెనక నీళ్లల్ల బాతులు దిగుతయ్ సారూ, తల మీద రెండు నల్ల పట్టీలుంటయ్ చూడు, గవి. తెల్లారకముందే చేన్ల పడ్తయ్."

పెన్ను కింద పెట్టాను. ఆ పట్టీల బాతు బొమ్మ పుస్తకంలో ఏ పేజీలో ఉందో నాకు తెలుసు. దాని నెత్తిన పసుపు బొట్టుంది.

"ఎప్పటికెల్లి అస్తున్నయ్?"

"డ్యాం నిండినకాడికెల్లి. ప్రతి చలికాలం."

తర్వాతి వారం నేనొక్కడినే పోయి చూశాను. పుస్తకం పట్టుకుని రెండు రోజులు గట్టు మీద కూర్చున్నాను. పసుపు బొట్లున్న పిట్టలు ఆరు రకాలు దిగి ఉన్నాయి. మా ఇంటి నుంచి బస్సులో గంట కూడా పట్టదు. సెలవు అక్కర్లేదు, ఆదివారం చాలు. ఏడు చోట్లకు దూరాలు వేసిన నేను మా ఊరి దూరం వేయలేదు. ఇక్కడ ఏముంటాయిలే అనుకున్నాను.

చెప్పకుండా ఉందామనుకున్నాను. వారం రోజులు ఉండగలిగాను. తర్వాత చెప్పి తీసుకెళ్లాను. ఆమె గట్టు మీద కూర్చుని బాతుల అరుపులు విన్నది. గుంపు లేచినప్పుడు రెక్కల చప్పుడుకు తల పైకెత్తింది, సరిగ్గా అటే ఎత్తింది.

"ఎన్నున్నయ్?"

"నూట పన్నెండు."

"లెక్కవెట్టినవా, ఉత్తగ చెప్తున్నవా?"

"రెండుసార్లు లెక్కవెట్టిన."

నేనే అడిగాను, వీటికి కుంకుమ పెట్టనా అని. గొంతు బతిమాలినట్టు వచ్చింది. ఆమె చాలా తేలిగ్గా అన్నది:

"వాన చప్పుడు ఇంటే చేను తడుస్తదా బావా? చూస్తనని పెట్టిన బొట్టు అది. ఉండనియ్యి."

ఉండనిచ్చాను. పుస్తకం ఇంట్లోనే ఉంది. వెలుతురు తగలదు కాబట్టి పసుపు పెద్దగా వెలిసిపోలేదు. ప్రతి డిసెంబర్‌లో, చలి మొదలైన ఏదో ఒక రోజు, వంటింట్లోంచి ఆమె అడుగుతుంది, "బావా, ఇంకెన్ని?" అని. నాకు తెలుసని ఆమెకు తెలుసు, అయినా అడుగుతుంది. నేను పుస్తకం దించి మొదటి పేజీ నుంచి మళ్లీ లెక్కపెడతాను. ఎక్కడైనా తప్పానేమోనని ఏటా చూస్తాను. తప్పలేదు. యాభై ఎనిమిదిలో పులికాట్‌వి తొమ్మిది పోను, భరత్‌పూర్‌వి ఐదు పోను, నలభై నాలుగు.